దెయ్యాన్ని రుజువు చేయమన్న కేసు

2025 ఫిబ్రవరి. కృత్తివెన్ను మండలంలో, సముద్రానికి కాస్త ఇవతలగా ఉన్న మా ఊరు. ఆ నెలలో పొద్దున ఎనిమిదైనా మంచు విడిచేది కాదు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, అంటే నీటికి గాలి పట్టించే చక్రాలు, తిరుగుతున్న చప్పుడు పక్కనే ఉన్నట్టు వినిపించేది. చక్రాలు మాత్రం కనిపించేవి కావు. గట్టు మీద ఎవరైనా నడిచి వస్తుంటే ముందు దగ్గు వినపడేది, తర్వాత మనిషి కనపడేవాడు. ఆ రోజుల్లోనే నా పేరు మీద ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. లోపల లీగల్ నోటీస్. కేసు వేసే ముందు లాయరు చేత పంపించే హెచ్చరిక కాగితాన్ని అలా అంటారు.

నాకు నలభై ఒకటో ఏట అక్షరాలు వచ్చాయి. అప్పటిదాకా షెడ్డులో రొయ్యల తలలు తీసే పని చేశాను. చర్చి హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి నేర్చుకున్నాను. ఇప్పుడు గుడివాడలో అచ్చయ్యే ఒక చిన్న వారపత్రికకు స్ట్రింగర్‌ని, అంటే నెలజీతం లేని విలేకరిని. అది కాక నాకు సొంతంగా ఒక బ్లాగు ఉంది. ఊళ్ళో చావులు, పుట్టుకలు, కరెంటు కోతలు, బస్సు వేళలు, చెరువుల కబుర్లు ఫోన్‌లో ఒక్క వేలితో కొట్టి అందులో పెడుతుంటాను. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా చదువుతారు. ఆలస్యంగా వచ్చిన అక్షరాల మీద మోజు ఎక్కువ ఉంటుంది. ఒక వాక్యం అందంగా కుదిరిందంటే ఆ పూట నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

నోటీస్ పంపింది దేవి. మా వీధిలో పుట్టి పెరిగిన పిల్ల, నన్ను పిన్నీ అని పిలుస్తుంది. ఆమె తల్లి నాగరత్నం రొయ్యల చెరువు మీద పనిచేసేది. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్ళలో దించే పళ్ళేన్ని చెక్ ట్రే అంటారు. అప్పటికి ఏడు నెలల కిందట ఒక ఉదయం ఆ ట్రే పైకి లాగుతూ జారి, చెరువులో పడి చనిపోయింది. ఆమె పోయిన కొన్నాళ్ళకు మా వైపు చెరువులకు రొయ్యల్ని చంపే తెల్లమచ్చ తెగులు వచ్చింది. జనవరిలో నేను ‘గట్టు దిగని మనిషి’ అని ఒక పోస్ట్ రాశాను. మంచులో నాగరత్నం ఇంకా గట్టు మీద తిరుగుతోందని ఊళ్ళో అనుకుంటున్నారని, ఆమె నడిచిన చెరువులోనే రొయ్య తేలుతోందని, బతికుండగానే ఆమె చేతిలో ఏదో ఉందని, అంటే చేతబడి లాంటిదని, గుసగుసలు ఉండేవని రాశాను. పైన ఆమె ఫొటో పెట్టాను. ఆ ఫొటో కోసం ఎవరినీ అడగలేదు. మా వైపు మనిషి పోతే రోడ్డు పక్కన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు కదా, దాని ముందు నిలబడి ఫోన్‌తో తీశాను. అందరూ చూడాలని కట్టిందే, తీసుకుంటే తప్పేముంది అనుకున్నాను.

ఆ పోస్ట్ నేను రాసినవాటన్నిటికంటే ఎక్కువ తిరిగింది. దేవి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో ఉంది. పోస్ట్ వచ్చిన వారానికి తల్లులు వచ్చి, దాని చేతి కూడు మా పిల్లలు తినరని హెడ్మాస్టరమ్మకు చెప్పారు. ఆవిడ దేవిని కొన్నాళ్ళు ఆగమంది. నెలాఖరులోగా ఏ సంగతీ తేలకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి. ఈ సంగతులన్నీ నాకు నోటీస్ చదివితేనే తెలిశాయి. బడి మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతలే ఉంది.

నోటీస్ పట్టుకుని బస్సెక్కి బందరు వెళ్ళాను. కోర్టు దగ్గర మేడ మీద నజీమా గారని ఒక లాయరు ఉన్నారు. మా పత్రికకు ఏ అనుమానం వచ్చినా ఆవిడనే అడుగుతాం. ఆవిడ నోటీస్ చదివి, నా పోస్ట్ కూడా ఫోన్‌లో మొత్తం చదివారు.

“చచ్చిపోయిన మనిషికి పరువేంటండీ?” అన్నాను. “ఆవిడేమన్నా వచ్చి కోర్టులో నిలబడుద్దా?”

“మీరు రాసినదాని ప్రకారం తిరుగుతూనే ఉందిగా మార్తమ్మగారూ. వచ్చినా రావచ్చు,” అన్నారు ఆవిడ, నవ్వకుండా.

తర్వాత చట్టం చెప్పారు. కొత్త చట్టంలో పరువు నష్టం సెక్షన్ 356. పాతవాళ్ళు ఇంకా 499 అనే అంటారు. రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ చేయమని కూడా వేయవచ్చు. పోలీసులు వచ్చి పట్టుకుపోయే కేసు కాదు. పరువు పోయిందన్న మనిషే మేజిస్ట్రేటు ముందు కంప్లయింట్ వేసుకోవాలి. చనిపోయినవాళ్ళ మీద వేసిన నింద కూడా ఇందులోకి వస్తుంది. బతికుంటే వాళ్ళ పరువు పోయే మాట అయి ఉండాలి, దగ్గరివాళ్ళ మనసు కష్టపెట్టాలనే ఉద్దేశంతో అన్నది అయి ఉండాలి.

“నేనై ఏమీ అనలేదండీ. ఊళ్ళో అనుకుంటున్నారని రాశాను.”

“ఊరు అన్నది ఊళ్ళోనే పోతుంది. మీరు రాసింది పబ్లిష్ అయింది. పబ్లిష్ అంటే పుస్తకం వేయడం ఒక్కటే కాదు. మీరూ ఆ మనిషీ కాక మూడోవాళ్ళకి చేరితే చాలు. ఒకరి మాట మోసుకెళ్ళినా మోసినవాళ్ళకీ బాధ్యత ఉంటుంది.”

“మరి దారేదండీ?”

“నిజమైతే, అది జనానికి మేలుచేసే నిజమైతే, తప్పు లేదు. చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. కానీ నిజమని చూపించాల్సింది మీరు. దెయ్యం ఉందని రుజువు పట్టుకురండి, నేను వాదిస్తాను.”

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఆవిడ పెన్నుతో నా పోస్ట్‌లో ఒక వాక్యం చూపించారు. బతికుండగానే ఆమె చేతిలో ఏదో ఉందన్న వాక్యం. “ఇది ఎవరు చెప్పారు?”

నాకు నవ్వు ఆగిపోయింది. అది ఎవరూ చెప్పలేదు. ఊరికే తిరిగే దెయ్యానికి ఒక కారణం ఉంటే బాగుంటుందని నేనే కలిపాను.

ఆవిడ పెన్ను మూత పెట్టారు. “చూడండి, కుటుంబాన్ని బాధపెట్టాలని మీరు రాయలేదు. ఆ ఉద్దేశం ఉందని వాళ్ళే చూపించాలి, అది అంత తేలిక కాదు. గట్టిగా నిలబడితే మీరే గెలవొచ్చు. కాకపోతే మిగతాది మీరు నిజమని నమ్మే రాశారని నాకు ఆధారం కావాలి. ఎవరి దగ్గర విన్నారు, వాళ్ళు ఎవరి దగ్గర విన్నారు, పేర్లతో రాసుకురండి. మొదటి నోరు దొరికేదాకా వెళ్ళండి.”

మర్నాడు నోటుబుక్కు తీసుకుని బయల్దేరాను. నాకు ఈ కబురు చెప్పింది సుబ్బులు. నాగరత్నంతో పాటు చెరువు పని చేసిన మనిషి.

“నువ్వు చూశావా సుబ్బులూ?”

“నేనెందుకు చూస్తాను వదినా, నాకేమన్నా పిచ్చా? చూసే పనైతే చెరువుకెందుకు పోతాను? గట్టు దిగలేదంట, ఇంకా అక్కడే ఉందంట. ఏసోబు చెప్పాడు.”

గట్టు దిగలేదు. ఆ మాట సుబ్బులు మొదటిసారి అన్నప్పుడే నాకు ఎంతో నచ్చింది. చదువురాని మనిషి నోట ఎంత మంచి మాట వచ్చిందని మెచ్చుకుని, దాన్నే పోస్ట్‌కు పేరుగా పెట్టుకున్నాను.

ఏసోబు ఆ చెరువుకు కాపలా. నేను వెళ్ళేసరికి ఏడున్నర అయింది. చెప్పులు కింద విడిచి గట్టు ఎక్కాను. మంచులో గట్టు పది అడుగుల దాకా కనిపించి అక్కడితో తెగిపోయింది. ఏసోబు గుడిసె ముందు గొంతుక్కూచుని ఉన్నాడు.

“నేను చూళ్ళేదు మార్తమ్మా,” అన్నాడు. “చూస్తానేమోనని రోజూ చూస్తన్నాను, అంతే. ఆ చివరికెళ్ళి ట్రే తియ్యాలంటే కాళ్ళు రావట్లేదు. ఆవిడ గట్టు దిగలేదని తెలిశాక అటు ఎవడెళ్తాడు?”

“తెలియడమంటే? ఎవరు చెప్పారు?”

“మేత కొట్టు రమాదేవిగారు. ఆవిడ చదువుకున్నావిడ కదా, ఊరికే చెప్పదు.”

ఇంతలో కరెంటు పోయింది. చెరువుల్లో ఏరేటర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నేను ఆ చప్పుడు మధ్యే పుట్టినదాన్ని కాకపోయినా, అది లేని చెరువును ఎప్పుడూ వినలేదు. నీళ్ళు గట్టును తాకే చప్పుడు మొదలైంది. ఒక చోట మొదలై మా వైపు వస్తున్నట్టుగా ఉంది. చక్రాలు ఆగినప్పుడు నీళ్ళు సర్దుకుంటాయి, అది నాకు తెలుసు. తెలిసి కూడా నా నోట్లోంచి, నేను అనుకోకుండానే, “రత్నం?” అని వచ్చింది.

ఏసోబు నా వైపు చూశాడు. ఇద్దరం గట్టు దిగాం. అతను నాకంటే ముందు దిగాడు. ఆ సాయంత్రానికల్లా మార్తమ్మ నాగరత్నంతో మాట్లాడిందని ఊరంతా తెలిసిపోయింది.

మేత కొట్టు కృత్తివెన్నులో ఉంది. రమాదేవి నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నేను ఇద్దరి నోట ఒకే మాట విన్నాను, అంటే ఎక్కడో ఒకరు నిజంగా చూసి ఉండాలి కదా అనుకుంటూ అడిగాను. అప్పటికి నాకు ఆ దెయ్యం ఉండాలనే ఉంది. ఉంటే నేను బతికిపోతాను.

“నన్నడుగుతారేంటండీ?” అంది రమాదేవి వింతగా. “మీరు రాసిందేగా.”

“జనవరిలో రాశాను. అంతకు ముందు సంగతి అడుగుతున్నా.”

“నేనూ అంతకు ముందుదే చెబుతున్నా. ఆవిడ పోయినప్పుడు రాశారు చూడండి. చదివి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఏసోబు మేతకొస్తే అదే చెప్పాను.” ఫోన్ తీసి, వెతికి, నా ముందు పెట్టింది.

నాగరత్నం పోయిన రోజు నేను రాసిన చావు వార్త అది. మా చెరువుల మీదికి చెప్పులతో ఎక్కనివ్వరు. పక్క చెరువు తెగులు చెప్పులకు అంటుకుని వస్తుందని అందరూ కిందే విడుస్తారు. నాగరత్నం చెప్పులు ఆ రోజు అక్కడే ఉండిపోయాయి. వార్త చివర నేను ఇలా రాశాను: ‘ఆమె చెప్పులు ఇంకా కిందే ఉన్నాయి. నాగరత్నం గట్టు దిగలేదు.’

అది రాసిన పూట నాకు ఆకలి తెలియలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. బాధతోనే రాశాను. కానీ రాశాక దాని అందం చూసుకుని మురిశాను. తర్వాత మర్చిపోయాను. అది రమాదేవి నోట్లో పడి, ఏసోబు నోట్లో పడి, సుబ్బులు నోటి మీదుగా తిరిగి నా గుమ్మంలోకి వస్తే, కొత్త మనిషిని చూసినట్టు చూసి లోపలికి రమ్మన్నాను. నోటుబుక్కులో మొదటి నోరు ఎవరిదో రాయాల్సిన చోట నా పేరు రాశాను. గట్టు మీద నాకంటే ముందు ఎవరూ ఆమెను చూడలేదు. నేను కూడా చూడలేదు.

తిన్నగా దేవి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి ఆమె పక్కకు జరిగింది.

“కూర్చోండి పిన్నీ,” అని గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. నేను గ్లాసు అందుకున్నాను. తాగడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. దేవి ఆ క్షణాన్ని చూసింది.

“భయమైతే వద్దులెండి,” అంది.

నీళ్ళు తాగేశాను. జరిగిందంతా చెప్పాను. ఆమె విని, ఖాళీ గ్లాసు అందుకుంది.

“మా అమ్మ చేతిలో ఏదో ఉందని రాశారు. ఏముంది పిన్నీ? మీ చర్చి హాల్లో క్లాసుకి రమ్మంటే చెరువు పని పోద్దని రాలేదు. సంతకం కూడా రాదు. వేలిముద్ర వేసేది. అదీ ఉంది మా అమ్మ చేతిలో.”

ఆ రోజే సవరణ రాశాను. తప్పు దిద్దుతూ వేసే వార్తను పత్రికలో అలా అంటాం. పెట్టే ముందు నజీమా గారికి చదివి వినిపించాను. ఆవిడ వద్దన్నారు. “ఇలా ఒప్పుకుంటే రేపు కోర్టులో ఇదే మీ మీద సాక్ష్యమవుతుంది. పాత పోస్ట్ తీసేసి ఊరుకోండి చాలు,” అన్నారు. నేను తీసేశాను, సవరణ కూడా పెట్టాను. నాగరత్నాన్ని ఎవరూ చూడలేదని, ఆ మాట నా వాక్యంలోంచే పుట్టిందని, చేతిలో ఏదో ఉందన్నది నేను అల్లిందని, క్షమించమని రాశాను. ఈసారి అందం ఏమీ లేకుండా రాశాను.

మర్నాడు సుబ్బులు మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా జాలి.

“పాపం, నీ చేత కూడా రాయించేసిందా వదినా?”

“ఏం రాయించింది? ఎవరు?”

“ఇంకెవరు? గట్టు మీద పిలిచావంటగా. ఏసోబు చెప్పాడు. పిలిస్తే ఊరుకుంటదా? తనమీద రాసినదంతా నీ చేతే చెరిపించుకుంది. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకో.”

సుబ్బులు ఒక్కతే కాదు. చదివినవాళ్ళు చాలామంది అలాగే అన్నారు. ముందు పోస్ట్ చూడనివాళ్ళు కూడా సవరణ చదివి, అసలు సంగతేంటని ఆరా తీశారు. పోస్ట్ రాసినప్పుడు ఒక చెరువు మీదున్న నాగరత్నం, సవరణ పెట్టాక మా ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పాలమ్మాయి పాలు గోడ మీద పెట్టి వెళ్ళిపోయేది. అది నాలుగు రోజులు పడితేనే నేను తట్టుకోలేకపోయాను. దేవి నెల రోజులుగా పడుతోంది.

ఇంకో సవరణ రాయనా అని దేవిని అడిగాను.

“మీరు ఎంత రాస్తే మా అమ్మ అంత తిరుగుద్ది పిన్నీ,” అంది. “ఇంక రాయకండి. హెడ్మాస్టరమ్మ ఒక్కరోజు చూద్దాం అంది. రేపు నేను వండుతాను. మీరొచ్చి తినండి. అందరూ చూసేట్టు.”

మర్నాడు పన్నెండున్నరకు బడికి వెళ్ళాను. మంచు ఎప్పుడో విడిచింది, ఎండ తెల్లగా కాస్తోంది. వరండాలో నలభైమంది పిల్లలు వరుసగా కూర్చున్నారు. కంచాల్లో అన్నం, పప్పు, గుడ్డు. ఒక్క చెయ్యీ కదలడం లేదు. ప్రహరీ అవతల తల్లులు నిలబడి ఉన్నారు. నన్ను వరుస మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు. దేవి వడ్డించింది.

మొదటి ముద్ద కలిపాను. అప్పటిదాకా ఉన్న గుసగుసలు ఆగిపోయాయి. నలభైమంది పిల్లలు రెప్పవేయకుండా నా నోటి వైపు చూస్తున్నారు. వాళ్ళ చూపులో కోపం లేదు, అల్లరి లేదు. నాకేమవుతుందో చూద్దామని ఓపికగా ఎదురుచూస్తున్నారు. నేను మింగితే నా గొంతుతో పాటు వాళ్ళ కళ్ళు కూడా కిందికి దిగాయి. నా జీవితంలో అంత భయం వేసిన చోటు ఇంకొకటి లేదు. చెరువు గట్టు దీనిముందు ఎంతో నయం. ఆ పిల్లలకు ఆ చూపు నేర్పింది నా వాక్యాలే.

నాలుగో ముద్దకు, పక్కనున్న మూడో తరగతి పిల్ల నెమ్మదిగా అడిగింది. “మామ్మా, ఏమన్నా అవుతోందా?”

“అవుతోంది,” అన్నాను. ప్రహరీ దగ్గర ఎవరో ఊపిరి బిగపట్టారు. “పప్పులో ఉప్పు తక్కువైంది.”

“నిజమా పిన్నీ?” అని దేవి గిన్నె దగ్గర నుంచి కంగారుగా అడిగింది.

మూడో తరగతి పిల్ల నా మాట నమ్మలేదు. వేలితో తన కంచంలోని పప్పు తీసి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించింది. “లేదు మామ్మా, సరిపోయింది,” అని తీర్పు చెప్పి, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. దాని పక్కది చూసి తిన్నది. దాని పక్కవాడు కోడిగుడ్డు ముందు తీసుకున్నాడు. ఇద్దరు తల్లులు లోపలికొచ్చి పిల్లల్ని లేపి తీసుకుపోయారు. మిగతావాళ్ళు ఉండిపోయారు.

ఆ తర్వాత పదకొండు బడి రోజులు అక్కడే తిన్నాను. దేవి పని నిలబడింది. ఆ ఇద్దరు తల్లులు మాత్రం ఇప్పటికీ పిల్లలకు ఇంటి నుంచి క్యారేజీ పంపుతారు. ఏసోబు చెరువు మారాడు.

పోయిన ఏడాది చివర గుడివాడలో, ఊళ్ళ నుంచి వార్తలు రాసే ఆడవాళ్ళకు పరువు నష్టం చట్టం గురించి చెప్పమని నన్ను పిలిచారు. సెక్షన్ చెప్పాను. పేరు రాయకపోయినా, పోల్చుకోగలిగితే చాలు అని చెప్పాను. ‘అంటున్నారు’ అనే మాట మనకు అడ్డం నిలబడదని చెప్పాను. ఏ పుకారైనా రాసే ముందు మొదటి నోటి దాకా నడవమని, అక్కడ మీరే కనిపించవచ్చని కూడా చెప్పాను. సవరణ తప్పకుండా వేయమన్నాను. కానీ అచ్చయిన మాట వెళ్ళిన ఇళ్ళన్నిటికీ సవరణ వెళ్ళదు. కొన్ని ఇళ్ళకు మనమే వెళ్ళి కూర్చోవాలి.

చివర ఒకామె లేచి అడిగింది. “ఆ అమ్మాయి నోటీస్ వెనక్కి తీసుకుందా అండీ?”

తీసుకోలేదు. రాసిన రోజు నుంచి మూడేళ్ళ దాకా ఆమె కంప్లయింట్ వేయవచ్చు. ఆ గడువు ఇంకా ఉంది. నజీమా గారు రాజీ కాగితం రాయించుకుంటే మంచిదని రెండుసార్లు గుర్తుచేశారు. నేను దేవిని అడగలేదు. తల్లి తరఫున ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే.